ఇన్షా అల్లాహ్ అంటే ‘రావడం లేదు’ అనా?



మన ఇళ్ళలో దావత్‌కి పిలిస్తే ‘లేదమ్మా, మేం రాలేం’ అని మొహం మీద చెప్పినవాళ్ళని మీరెప్పుడైనా చూశారా? నేనైతే వేళ్ళమీద లెక్కపెట్టగలను. ఎవరు పిలిచినా, దేనికి పిలిచినా, మనందరి నోటా ఒకటే జవాబు. ఇన్షా అల్లాహ్. వచ్చేవాళ్ళూ అదే అంటారు, రానివాళ్ళూ అదే అంటారు, వెళ్ళాలో వద్దో ఇంకా తేల్చుకోనివాళ్ళూ అదే అంటారు. చటుక్కున అంటే వస్తున్నట్టు, కాస్త సాగదీసి అంటే రానట్టు అని మా అమ్మీ ఒక లెక్క పెట్టుకుంది. ఆ లెక్క చాలాసార్లు సరిపోయేది కూడా. ఇప్పుడు పిలుపులన్నీ వాట్సాప్‌లో కదా, ఆ గొంతు కూడా వినబడదు. చేతులు జోడించిన బొమ్మ ఒకటి, పక్కన ఇన్షా అల్లాహ్. ఇక దాన్ని పట్టుకుని ఎన్ని కిలోల బియ్యం నానబెట్టాలో మీరే తేల్చుకోవాలి.

పెళ్ళిళ్ళకి ఇది చెల్లిపోయింది. ఐదొందలమందిని పిలిచిన వలీమాకి యాభైమంది రాకపోతే దేగ్‌కి తెలియదు, దుల్హాకీ తెలియదు. చిన్నపిల్లల సాల్‌గిరా సంగతి వేరు. పన్నెండుమంది పిల్లల్ని పిలిస్తే ఆరుగురు రాలేదనుకోండి, సగం ఇల్లు ఖాళీ. ఆ సంగతి ముందుగా తెలిసేది ఆ పిల్లకే.

మా చెల్లెలు వాళ్ళు గుంటూరులో ఉంటారు. కిందటి నవంబరులో మా భాంజీకి ఐదేళ్ళు నిండాయి. యూకేజీ చదువుతోంది. పద్నాలుగు ఇళ్ళకి పిలుపు వెళ్ళింది. ఖాందాన్‌లో ఏడు, వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో మూడు, క్లాసులో నాలుగు. తొమ్మిది ఇళ్ళ నుంచి ఇన్షా అల్లాహ్ వచ్చింది. రెండిళ్ళ నుంచి మాషా అల్లాహ్, పక్కన ఎర్రగుండె. అది ఔనో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. ఒకరు మెసేజ్ చూసినట్టు నీలం గీతలు పడ్డాయి, అంతే. తిన్నగా జవాబు చెప్పినవి రెండే ఇళ్ళు. ఒకరు ‘ఆ రోజు ఊళ్ళో ఉండం’ అన్నారు. ఇంకొకరు మా భాంజీ పక్కన కూర్చునే అమ్మాయి వాళ్ళమ్మ. పది నిమిషాల్లో రాసింది: పాపని తీసుకొస్తాను, కార్తీక మాసం కాబట్టి మాంసం తినదు, ఏమీ అనుకోకండి అని.

ఆ రోజు వచ్చినవి నాలుగిళ్ళు. అందులో ఒక ఇంటివాళ్ళు తమ బాబుతోపాటు సెలవులకి వచ్చిన ముగ్గురు చుట్టాల పిల్లల్ని కూడా వెంటబెట్టుకొచ్చారు, చెప్పకుండా.

వండిన బిర్యానీ గురించి నాకు దిగుల్లేదు. ఐదు కిలోల బియ్యం వండితే మిగిలిన దేగ్చా సాయంత్రంలోగా మొహల్లాలో ఖాళీ అయింది, అల్‌హమ్దులిల్లాహ్. వండిన అన్నానికి ఎప్పుడూ నోళ్ళు దొరుకుతాయి. నాకు గుర్తుండిపోయింది సంచుల సంగతి. పిల్లలకి ఇవ్వడానికి మా చెల్లెలు రంగు కాగితపు సంచులు కట్టి, ఒక్కోదాని మీద ఒక్కో పేరు రాసింది. మా భాంజీకి అక్షరాలు అప్పుడప్పుడే కూడుతున్నాయి. గోడవారగా మిగిలిపోయిన సంచుల దగ్గర కూర్చుని ఒక్కో పేరూ కూడబలుక్కుని చదివి, ‘ఈమె ఎందుకు రాలేదు? ఇతను ఎందుకు రాలేదు?’ అని వాళ్ళమ్మని అడిగింది. మా చెల్లెలి దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. ఎందుకంటే ఆ తల్లులెవరూ ఆమెకి ఏమీ చెప్పలేదు. తర్వాత వారం బజార్లో ఒకామె కనబడితే, ‘అరే, ఇన్షా అల్లాహ్ అన్నాం గదమ్మా, కుదర్లేదు’ అంది నవ్వుతూ. అంటే అల్లాహ్‌కి ఇష్టం లేకపోయిందన్నమాట. ఆమెకి కాదు.

ఇక్కడ కొందరు అడ్డుపడతారని నాకు తెలుసు. అసలు సాల్‌గిరాలు చేయడమేంటి, అది మన తరీఖానా అని. నేను ఆలిమాని కాదు, ఫత్వా ఇవ్వను. దీన్ని బిద్‌అత్ అనే ఉలమా ఉన్నారు, ఇది ఇబాదత్ కాదు దునియా రివాజు మాత్రమే, హద్దుల్లో ఉంటే అభ్యంతరం లేదనేవాళ్ళూ ఉన్నారు. మన నానీల కాలంలో బిడ్డకి ఛటీ చేసేవాళ్ళు, ఏడో రోజు అఖీఖా, నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులకి బిస్మిల్లా ఖానీ. పుట్టినతేదీ కూడా చాలామందికి గుర్తుండేది కాదు, ‘ఆ వరద వచ్చిన ఏడాది, రంజాన్ ముందు’ అనేవాళ్ళు. సాల్‌గిరా మన ఇళ్ళలోకి బడి బ్యాగులో వచ్చింది. కొత్త బట్టలతో వెళ్ళి క్లాసంతా చాక్లెట్లు పంచిన పిల్ల, ఇంటికొచ్చి ‘అమ్మీ, నాకూ కేకు’ అంటుంది. చేయాలా వద్దా అనేది మీ ఇంటి సంగతి. నేను మాట్లాడేది చేయాలనుకున్నవాళ్ళు ఎలా పిలవాలి, పిలుపు అందుకున్నవాళ్ళు ఎలా జవాబివ్వాలి అన్నదాని గురించి. ‘మేం సాల్‌గిరాలకి వెళ్ళం’ అనే ఇంటివాళ్ళు కూడా జవాబివ్వాల్సినవాళ్ళే. అసలు వాళ్ళకే ఎక్కువ సులువు. కారణం ముందే ఉంది, అబద్ధం వెతుక్కోనక్కర్లేదు.

పాత రివాజుల్లో పిలుపు ఎలా ఉండేదో కూడా ఒకసారి గుర్తు చేసుకోవాలి. లేకపోతే మనకి ఈ జవాబివ్వని అలవాటు ఎక్కడిదో అర్థం కాదు. ఇద్దరు పెద్ద ఆడవాళ్ళు బురఖాలు వేసుకుని గల్లీగల్లీ తిరిగి గుమ్మంలో నిలబడి చెప్పేవాళ్ళు: ఫలానా రోజు ఫలానా ఇంట్లో, అందరూ రావాలి. అందరూ అంటే అందరే. దాదీ నుంచి ఉయ్యాల్లో బిడ్డ దాకా. ఎవరూ లెక్క అడగరు, ఎవరూ లెక్క చెప్పరు. నేల మీద దస్తర్‌ఖాన్ పరిస్తే ఎంతమందొస్తే అంతమంది సర్దుకుంటారు, పప్పులో ఇంకో చెంబు నీళ్ళు పోస్తారు. ఆ పిలుపుకి ఇన్షా అల్లాహ్ సరిపోయే జవాబు. ఇప్పుడు ఇల్లు రెండు గదుల ఫ్లాటు. కుర్చీలు పదిహేను. ప్లేటుకింత అని డబ్బు కట్టించుకునే హాలువాడు మూడు రోజుల ముందే సంఖ్య చెప్పమంటాడు, చెప్పిన సంఖ్యకి తగ్గినా బిల్లు తగ్గదు. దస్తర్‌ఖాన్ పోయింది, దాని జవాబు మాత్రం మన దగ్గర ఉండిపోయింది.

శాదీ రుఖాల మీద ఒక మాట చూస్తుంటాం, ‘చష్మ్ బరాహ్’ అని. దాని కింద ఇంటివాళ్ళ పేర్లుంటాయి. దారి మీద కళ్ళు పెట్టుకుని ఎదురుచూసేవాళ్ళు అని అర్థం. పెళ్ళిలో ఆ పేర్లున్న పెద్దమనుషులు నిజంగా దారి చూస్తారని నేననుకోను, వాళ్ళు వంటవాళ్ళతో గొడవలో ఉంటారు. పుట్టినరోజు పిల్ల మాత్రం నిజంగానే చష్మ్ బరాహ్. బాల్కనీ ఊచల మధ్య తల పెట్టుకుని.

మన దీన్‌లో దావత్ సంగతి తేలిక విషయం కాదు. పిలిస్తే వెళ్ళడాన్ని ఒక ముస్లిం మీద ఇంకో ముస్లింకి ఉన్న హక్కుల్లో ఒకటిగా దైవప్రవక్త (స) లెక్కపెట్టారు. రోజా ఉన్నా సరే పిలుపుని ఖబూల్ చేసి, తినకపోతే ఆ ఇంటివాళ్ళకి దువా చేయమన్నారు. వలీమా విషయంలో ఉలమా గట్టిగా చెప్పారు, మిగతా దావత్‌లలో కాస్త వెసులుబాటుంది. అయితే నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది అబూ షుఐబ్ (రజి) ఇంటి సంగతి. బుఖారీలో, ముస్లింలో ఉంది. ఆయన అన్సారీ. ఐదుగురికి సరిపడా వండించి, ప్రవక్త (స)ని ఆ ఐదుగురిలో ఒకరిగా పిలిచారు. దారిలో పిలవని మనిషి ఒకతను వెంట వచ్చాడు. గుమ్మం దగ్గరికి రాగానే ప్రవక్త (స) ఇంటాయనతో ఆ సంగతి చెప్పి, మీ ఇష్టమైతే ఇతనికి ఇజాజత్ ఇవ్వండి, లేదంటే తిరిగి వెళతాడు అన్నారు. ఆయన ఇజాజత్ ఇచ్చారు.

ఎన్ని సంగతులున్నాయో చూడండి ఇందులో. మదీనాలో, ఆ రోజుల్లో, ఒక దావత్‌కి లెక్కుంది. ఐదుగురంటే ఐదుగురే. లెక్కపెట్టినందుకు ఇంటాయన్ని ఎవరూ పిసినారి అనలేదు. అదనంగా ఒక మనిషి వస్తే, ఆయన (స) స్థానంలో ఉన్నవారు కూడా ఇంటివాళ్ళని అడిగారు. తిప్పి పంపే హక్కు కూడా వాళ్ళ చేతిలోనే పెట్టారు. మనం మాత్రం ‘చిన్నపిల్లలే కదా, ఎంత తింటారు’ అని ముగ్గుర్ని వెంటబెట్టుకెళతాం. తినడం సంగతి కాదు బహెన్, పన్నెండు సంచులే ఉన్నచోట పదమూడో పిల్ల చేతులు ఖాళీగా నిలబడుతుంది. ఒక ఫోన్ చేసి ‘మా ఆడబిడ్డ పిల్లలు కూడా ఉన్నారు, తీసుకురావచ్చా’ అంటే నూటికి తొంభైమంది రమ్మనే అంటారు.

మరి ఇంత ఉన్నా మనకి ‘లేదు’ అనడం ఎందుకు రాదు? లిహాజ్ అంటారు. ఇజ్జత్ అంటారు. నిజం ఏమిటంటే భయం. బరాదరీలో ‘రాలేం’ అన్న మాట పదేళ్ళు దాచిపెడతారు. ‘వాళ్ళ చిన్నోడి దావత్‌కి రానన్నది చూడు, ఇప్పుడు కూతురి శాదీకి పిలవడానికొచ్చింది’ అని. చెప్పకుండా మానేస్తే మాత్రం మాఫీ ఉంది, ‘పాపం ఏమైందో’ అంటారు. అంటే మన దగ్గర నిజం చెప్పినవాడికి శిక్ష, చెప్పనివాడికి సానుభూతి. ఇలాంటి చోట ఎవరు మాత్రం నిజం చెబుతారు?

అందుకే నా లెక్కలో సగం బాధ్యత పిలిచేవాళ్ళది. మనం పిలిచే పద్ధతి వినండి: ‘రాకపోయావో, నీతో మాటల్లేవ్’, ‘నువ్వు రాకపోతే కేకే కోయం’, ‘ఏ సాకులూ చెప్పొద్దు’. ఇవన్నీ ముహబ్బత్‌తో అన్న మాటలే, నాకు తెలుసు. కానీ ఎదుటివాళ్ళకి తలుపులన్నీ మూసేశాక ఇన్షా అల్లాహ్ అనే ఒక్క కిటికీ మిగులుతుంది, అందులోంచి దూకేస్తారు. కాదనే వీలున్న పిలుపే పిలుపు. లేకపోతే అది హుకుం.

ఈసారి మా చెల్లెలికి నేను రాసిచ్చిన మెసేజ్ ఇది. కావాలంటే మీరూ వాడుకోండి.

‘అస్సలాము అలైకుమ్ ఆపా. వచ్చే ఆదివారం మా పాపకి ఆరేళ్ళు నిండుతున్నాయి. ఉదయం పదకొండు నుంచి ఒంటిగంట దాకా మా ఇంట్లో పదిమంది పిల్లలతో చిన్న దావత్. మీ బాబుని పిలుస్తున్నాం, తోడుగా మీలో ఒకరు రండి. తోఫాలు వద్దు, దువా చాలు. భోజనం లెక్క కోసం గురువారం లోపు వస్తారో లేదో ఒక్క మాట చెప్పండి. కుదరకపోతే ఏమీ అనుకోం.’

చదివితే మామూలుగా ఉంటుంది, కానీ ఇందులో ప్రతి మాటా ఎక్కడో ఒకచోట తగిలిన దెబ్బ వల్ల వచ్చిందే. ‘మీ బాబుని, తోడుగా మీలో ఒకరు’ అనకపోతే ఇంటిల్లిపాదీ అనుకుంటారు, లేదా బాబుని గేటు దగ్గర దింపేసి వెళ్ళిపోతారు. ఐదేళ్ళ బిడ్డని దింపేసి వెళ్ళడం చూశాను నేను, బాత్‌రూమ్‌కి ఎవరు తీసుకెళ్ళాలి? ముగిసే వేళ చెప్పడం మర్యాద కాదని మావాళ్ళు గొడవ చేశారు. అల్ అహ్‌జాబ్ సూరాలోనే ఉంది కదా, భోజనానికి పిలిస్తే వెళ్ళండి, తిన్నాక కబుర్లు చెప్పుకుంటూ కూర్చోక లేవండి అన్న తాకీదు. ప్రవక్త (స) అంతటివారికి అతిథులతో ఆ మాట చెప్పడానికి మొహమాటం అడ్డొచ్చిందని కూడా అక్కడే ఉంది. మన మొహమాటం ఏపాటిది! ఒంటిగంటకి ముగిస్తే జుహర్ జమాఅత్ అందుతుంది, చిన్నపిల్లలకి నిద్రవేళ తప్పదు. నవంబరులో సాయంత్రం పెడితే మగ్రిబ్ ఐదున్నర దాటగానే వచ్చేస్తుంది, సగం కేకులో అజాన్, మగాళ్ళంతా చెప్పుల కోసం వెతుకులాట.

‘తోఫాలు వద్దు’ అన్న మాట మీద మా చెల్లెలికి నాకు కాస్త తేడా వచ్చింది. ఆమెకి తోఫా ఇచ్చిపుచ్చుకోవడం సున్నత్ అని పట్టు. నిజమే. కానీ ఎంత పెట్టాలో తెలియక, చేతిలో లేక రానివాళ్ళు ఉంటారు, ఆ మాట నోరు తెరిచి చెప్పరు. ఇన్షా అల్లాహ్ వెనక దాక్కున్న కారణాల్లో ఇదీ ఒకటని నా గట్టి నమ్మకం. వద్దన్నా తెచ్చేవాళ్ళు తెస్తారు, వాళ్ళని ఎవరు ఆపారు. వచ్చినవన్నీ అక్కడే విప్పి చూపించకుండా లోపల పెట్టేస్తే సరి.

క్లాసు తల్లుల గ్రూపులో పిలుపు పెట్టొద్దు. నలభైమంది ఉన్న గ్రూపులో ‘ఫలానా ఐదుగురూ రండి’ అని ఒకామె రాసింది, మిగతా ముప్పై ఐదుగురూ చదివారు. పిలిస్తే అందర్నీ పిలవండి, లేదా విడిగా ఒక్కొక్కరికీ రాయండి. బెంచీలో నలుగురుంటే ముగ్గుర్ని పిలిచి ఒకర్ని వదిలేయడం మాత్రం చేయొద్దు. ఫోటోలు కూడా అంతే, ముందు ఎవరి పిల్లల ఫోటో వాళ్ళకి పంపండి. కొందరు తమ ఆడపిల్లల ఫోటోలు ఎక్కడా పెట్టరు, అడగనిదే వాళ్ళూ చెప్పరు.

ఇంకో పిలుపు ఉంది, అది అసలు మన లిస్టులోకే రాదు. ఆ రోజు మా చెల్లెలింట్లో వంటకి సాయం వచ్చినామె తన కూతుర్ని వెంట తెచ్చుకుంది. మా భాంజీ ఈడుదే. కిచెన్ గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని కూర్చుని ఉల్లిపాయ పొరలతో ఆడుకుంటోంది. కేకు కోసేటప్పుడు మా భాంజీయే వెళ్ళి చెయ్యి పట్టి లాక్కొచ్చింది, పెద్దవాళ్ళెవరికీ తోచలేదు. సంచి మీద ఆ పిల్ల పేరు లేదు, రానివాళ్ళది ఒకటి ఇచ్చారు. ఉన్నవాళ్ళని పిలిచి పేదవాళ్ళని వదిలేసే వలీమా భోజనం అన్నిటికంటే చెడ్డ భోజనం అన్న హదీసు మనందరికీ తెలుసు, ప్రతి నికాహ్ బయాన్‌లో వింటాం. అది వలీమాకి మాత్రమేనని మనకెవరు చెప్పారు? ఇంట్లో పనిచేసేవాళ్ళకి పిల్లలుంటే, మొదటి సంచి మీద ఆ పేరు రాయండి. వాళ్ళమ్మకి నోటితో కాకుండా అందరికీ పంపినట్టే మెసేజ్ పంపండి. పిలవడం వేరు, పని మీద వచ్చినప్పుడు పెట్టడం వేరు.

ఇప్పుడు జవాబు సంగతి. రాలేకపోతే ఏం రాయాలి? మూడు వాక్యాలు చాలు. ‘పిలిచినందుకు షుక్రియా. ఆదివారం మేం రాలేం. పాపకి అల్లాహ్ సెహత్, ఇల్మ్ ఇవ్వాలి.’ ఎందుకో చెప్పనక్కర్లేదు. చెబితే నిజం చెప్పండి. ‘బాబుకి జ్వరం’ అని మీరు ఫోన్‌లో అంటుంటే బాబు పక్కనే కూర్చుని వింటాడు. ఒక తల్లి తన బిడ్డని ‘రా, నీకొకటి ఇస్తా’ అని పిలిస్తే, ఏమిస్తావని ప్రవక్త (స) అడిగారు. ఖర్జూరం ఇస్తానందామె. ఏమీ ఇవ్వకపోయి ఉంటే నీ మీద ఒక అబద్ధం రాయబడేది అన్నారు. అబూ దావూద్‌లో ఉంది. పసిబిడ్డతో అన్న చిన్నమాటకే ఆ లెక్క ఉంటే, పసిబిడ్డ దావత్‌కి వస్తామని చెప్పి ఇంట్లో కూర్చోవడం ఏ లెక్కలోకి వస్తుంది?

సాల్‌గిరాలకి వెళ్ళని ఇల్లయితే: ‘మా ఇంట్లో సాల్‌గిరాలు చేసుకోం, వెళ్ళం కూడా. మీమీద ముహబ్బత్ లేక కాదు. ఆ తర్వాత వారం పాపని మా ఇంటికి తీసుకురండి, పిల్లలు ఆడుకుంటారు.’ ఇలా రాసిన ఒక ఖాలా నాకు తెలుసు. నిజంగానే పిలిచింది, డబుల్ కా మీఠా చేసి పెట్టింది. ఆ ఇంటితో ఎవరికీ కోపాల్లేవు. కేకు కంటే ఆ మీఠా బాగుందని పిల్లలే చెప్పారు.

వస్తామన్నాక ఆ పూట నిజంగానే జ్వరం వస్తే మెసేజ్‌తో సరిపెట్టకండి, ఫోన్ చేయండి. ఆ హడావుడిలో ఎవరూ మెసేజ్‌లు చూడరు. వీలైతే మీ పిల్లతోనే ఆ పిల్లకి రెండు మాటలు చెప్పించండి.

మన పిల్లలు హిందూ ఇళ్ళకి, క్రైస్తవ ఇళ్ళకి దావత్‌కి వెళ్ళేటప్పుడు తిండి సంగతి ముందే చెప్పేయాలి. ‘మావాడు హలాల్ అయితేనే మాంసం తింటాడు, కూరగాయల భోజనం పెట్టండి చాలు’ అని. జెల్లీలాంటి మెత్తటి మిఠాయిల్లో జెలటిన్ ఉంటుందని వాళ్ళకి తట్టకపోవచ్చు. అది అడగడం తప్పు కాదు. అక్కడికెళ్ళాక ప్లేటు ముందు పెట్టుకుని బిడ్డని కళ్ళతో బెదిరించడం కంటే నయం కదా. కార్తీక మాసమని ముందే చెప్పిన ఆ తల్లి ఎంత మేలు చేసిందో మా చెల్లెల్ని అడగండి. వెజ్ బగారా ఖానా, ఆలూ ఖుర్మా వేరే గిన్నెల్లో, వేరే గరిటెలతో ముందే వండి పెట్టింది. తల్లీ కూతుళ్ళు హాయిగా తిన్నారు.

ఆమే వెళ్ళేటప్పుడు ఒక మాట అడిగింది, అసలు నేనీ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే. గోడవారగా ఉన్న సంచుల వైపు చూసి, ఏ వెటకారమూ లేకుండా, నిజంగా తెలుసుకుందామని అడిగింది. ‘ఏమీ అనుకోకండి, మీవాళ్ళు ఇన్షా అల్లాహ్ అంటే రావడం లేదని అర్థమా అండీ? మొన్న మా బాబు పుట్టినరోజుకి మా పక్కింటివాళ్ళు అలాగే అన్నారు. నేను వస్తారనుకుని ప్లేట్లు చెప్పాను.’

ఏం చెప్పాలి? అల్ కహఫ్ సూరాలో అల్లాహ్ తన ప్రవక్త (స)కి చెప్పిన అదబ్ అది. రేపు ఈ పని చేస్తానని అనకు, అల్లాహ్ తలిస్తే అని కలిపితే తప్ప, అని. అంటే ముందు ‘చేస్తాను’ ఉండాలి. గట్టి నియ్యత్ ఉండాలి. నా శక్తి అంతా పెడతాను, మిగతాది నా చేతిలో లేదు అని ఒప్పుకోవడానికి ఇన్షా అల్లాహ్. ముందు ‘చేస్తాను’ లేకుండా వట్టి ఇన్షా అల్లాహ్ అంటే అది దేనికి అతుక్కుంటుంది? ఆమెకి ఇదంతా చెప్పాను. బుద్ధిగా వింది. కానీ ఆమెకి తెలిసిన రెండు దావత్‌లలో ఆ మాటకి అర్థం నేను చెప్పినట్టు లేదు. మనం రోజుకి ఇరవైసార్లు అనే అల్లాహ్ పేరున్న మాటకి, పక్కింటివాళ్ళ డిక్షనరీలో ‘మాట తప్పడం’ అని అర్థం పడిపోతోంది. ప్లేట్లు, సంచులు, బిర్యానీ అన్నీ పక్కన పెట్టండి, నన్ను కోసేది ఇది.

‘ఇదంతా అంగ్రేజీ తకల్లుఫ్, మన ఇళ్ళకి తలుపులుండవు’ అనేవాళ్ళున్నారు. రుఖా అడుగున ఆర్‌ఎస్‌వీపీ అని వేయించుకునేది మనమే కదా. దయచేసి జవాబివ్వండి అని ఫ్రెంచి వాళ్ళ మాటకి పొట్టి రూపం అది. మన దగ్గర దాని కింద మామయ్యల ఫోన్ నంబర్లుంటాయి, అడ్రసు తెలియకపోతే చేయడానికి. ఇంటికి తలుపు లేకపోవడం వేరు, వస్తారో రారో తెలియక గుమ్మంలో నిలబడటం వేరు. ఈద్‌కి ఎవరొస్తారో ఎవరూ లెక్కపెట్టరు, షీర్ ఖుర్మా గిన్నె పెద్దది పెడతారు, అది అలాగే ఉండాలి. పది కుర్చీల పిల్లల దావత్‌కి మాత్రం లెక్క కావాలి.

ఇక పిలిచినవాళ్ళకి ఒక మనవి. ఎవరైనా ధైర్యం చేసి ‘రాలేం’ అని రాస్తే ఎందుకని అడక్కండి. ‘అయ్యో, ఒక్క గంటైనా రావాలి’ అని బతిమాలకండి, ఇంకొకరి చేత చెప్పించకండి. ‘చెప్పినందుకు షుక్రియా, బాబుకి సలాం’ అని రాయండి. వాళ్ళ చోటు ఖాళీ అయితే, క్లాసులో ఈమధ్యే చేరి ఎవరూ పిలవని పిల్ల ఒకరు ఉంటారు, వాళ్ళమ్మకి గురువారం సాయంత్రమే ఫోన్ చేయొచ్చు. ఆదివారం పొద్దున కాదు.